కొత్త రైఫిల్ బ్యారెల్‌కి ‘బ్రేక్-ఇన్’ అవసరమా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయికి 23 ఏళ్లు. కాలేజీలో చేరినప్పటి నుంచి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాలుస్తోంది, ఇప్పుడు 50 మీటర్ల విభాగంలోకి మారుతోంది. లైసెన్స్ తన పేరు మీదే వచ్చింది. చాలా నెలలు ఎదురుచూశాక ఈమధ్యే కొత్త జర్మన్ .22 రైఫిల్ చేతికందింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. కొత్త బ్యారెల్‌ని (తుపాకీ గొట్టాన్ని) బ్రేక్-ఇన్ చేయకపోతే, అంటే మొదట్లో కాలుస్తూ తుడుస్తూ దారిలో పెట్టకపోతే, ఎప్పటికీ గ్రూప్ సరిగా రాదని, అంటే తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడవని వాళ్ల సీనియర్ ఒకబ్బాయి చెప్పాడు. మొదటి పాతిక తూటాలు ఒక్కొక్కటిగా కాల్చి, ప్రతిసారీ బ్రష్‌తో క్లీన్ చేయాలట. ఆ తర్వాత ఐదేసి చొప్పున వంద దాకా అలాగే చేయాలట. మా బావమరిది ఆర్మీలో చేసి రిటైరయ్యాడు. ‘అదంతా దండగ, సత్తెనపల్లి దగ్గర మన పొలంలో నేనే ఒక యాభై కాల్చి దారిలో పెడతా, తర్వాత కొబ్బరి నూనె పట్టిస్తే చాలు’ అంటున్నాడు. కోచ్ గారేమో ‘మామూలుగా కాల్చుకోమ్మా’ అన్నారట. కొత్త బండిని కూడా మొదట్లో నెమ్మదిగా నడిపి రన్నింగ్-ఇన్ చేస్తాం కదా! లక్షలు పోసి కొన్న వస్తువు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: కోచ్ గారి మాట వినండి. మీ అమ్మాయి రైఫిల్‌కి బ్రేక్-ఇన్ అక్కర్లేదు. మొదట ఒక్కసారి శుభ్రంగా తుడిచి, షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి, రోజూ సాధన చేసినట్టే కాల్చుకోమనండి. ఎందుకో వివరంగా చెబుతాను. దానికంటే ముందు పొలం సంగతి తేల్చాలి, అది ఆగే విషయం కాదు.

పొలంలో ఒక్క తూటా కూడా కాల్చనివ్వకండి. లైసెన్స్ మీ అమ్మాయి పేరు మీద ఉంది, అదీ క్రీడ కోసం ఇచ్చింది. ఆ రైఫిల్ పట్టుకుని కాల్చే హక్కు మీ బావమరిది గారికి లేదు, ఎంత అనుభవం ఉన్నా సరే. సైన్యంలో ఆయన పట్టిన ఆయుధం ప్రభుత్వానిది, ఇది 1959 ఆయుధాల చట్టం కింద ఒక మనిషికి ఇచ్చిన అనుమతి. ఎదుటివాళ్ల ప్రాణాలకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడేలా 2019లో ఆ చట్టాన్ని సవరించారు. కేసు సంగతి పక్కన పెట్టినా, .22 తూటా చిన్నదే కదా అనుకోవడం చాలా ప్రమాదం. అడ్డం లేకపోతే అది కిలోమీటరున్నర దాకా పోగలదు. మీ పొలాల్లో ఒకవైపు మిరపకాయ కోతలు, ఒకవైపు గట్ల మీద మేకలు కాసే పిల్లలు. వెనక మట్టికట్ట లేని చోట, ఎంత నేర్పున్న చేతికైనా, తూటా ఎక్కడ ఆగుతుందో చెప్పడం సాధ్యం కాదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా లైసెన్స్ పోతుంది, దాంతోపాటు మీ అమ్మాయి ఇన్నేళ్ల కష్టమూ పోతుంది. బావమరిది గారికి మీరు చెప్పలేకపోతే ఈ నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించండి. క్రమశిక్షణలో బతికిన మనిషి, అర్థం చేసుకుంటారు.

ఇక బ్యారెల్. మీ అమ్మాయి సీనియర్ చెప్పింది ఊహించి చెప్పింది కాదు, ఆ పద్ధతి నిజంగానే ఉంది. కానీ అది వేరే రకం తుపాకుల కోసం పుట్టింది.

బ్యారెల్ తయారీలో ముందు ఉక్కు కడ్డీకి పొడవునా రంధ్రం వేసి నునుపు చేస్తారు. తర్వాత లోపల మెలికలు తిరిగిన గాడులు తీస్తారు. తూటా గిరగిరా తిరుగుతూ సూటిగా పోయేది ఆ గాడుల వల్లే. మంచి కంపెనీలు ఆపైన సీసపు ముద్దకు రాపిడి పొడి పట్టించి, గొట్టంలో ముందుకూ వెనక్కూ రుద్ది మెరుగు పెడతాయి. ఆ మెరుగు గీతలు తూటా పోయే దిశలోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. చిట్టచివర తూటా కూర్చునే చాంబర్‌ని రీమర్‌తో తొలుస్తారు. రీమర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి, చాంబర్ ముందు, గాడులు మొదలయ్యే చోట అది వదిలే సన్నటి గీతలు తూటా దారికి అడ్డంగా పడతాయి. బ్రేక్-ఇన్ గొడవంతా ఆ జానెడు కూడా లేని జాగా గురించే.

పెద్ద రైఫిళ్లలో, అంటే .30-06 లాంటి వాటిలో, బుల్లెట్‌కి రాగి తొడుగు ఉంటుంది. పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా చేరుతుంది. బుల్లెట్ సెకనుకి 800 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. ఆ అడ్డగీతలు రాగిని గీకేస్తే, ఆ వేడికి రాగి ఆవిరిలా లేచి ముందున్న గొట్టం గోడలకు పూతలా అంటుకుంటుంది. దాని మీద మరో తూటా పోతే పూత ఇంకా మందమవుతుంది. అందుకే ‘ఒకటి కాల్చు, రాగి పోయేదాకా తుడువు, మళ్లీ కాల్చు’ అంటారు. అలా చేస్తే తూటాలు ఆ గీతల్ని నేరుగా ఉక్కు మీదే అరగదీసి చదును చేస్తాయని వాళ్ల లెక్క. అమెరికాలో పేరున్న బ్యారెల్ కంపెనీ క్రీగర్ ఇదే వాదన చెబుతుంది. తర్కంలో తప్పేమీ లేదు.

కానీ అదే దేశంలో అంతే పేరున్న షైలెన్ కంపెనీ, ‘కొనేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఒక పద్ధతి ఇచ్చాం గానీ, బ్రేక్-ఇన్ అంత పెద్ద విషయమని మేం అనుకోవడం లేదు’ అన్న అర్థం వచ్చేలా చెప్పింది. బ్యారెళ్లు చేసేవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. దానికి కారణం కూడా ఉంది. ఒకే బ్యారెల్‌ని బ్రేక్-ఇన్ చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి పరీక్షించడం కుదరదు. ఒక కంపెనీ, ఒక రోజు తయారీ అయినా ఏ రెండు బ్యారెళ్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. ‘నేను శ్రద్ధగా బ్రేక్-ఇన్ చేశాను, అద్భుతంగా కాలుస్తోంది’ అనే మనిషి నిజమే చెబుతున్నాడు. చేయకపోతే ఎలా కాల్చేదో మాత్రం ఆయనకూ తెలిసే వీలు లేదు.

ఇదంతా రాగి తొడుగున్న తూటాల కథ. మీ అమ్మాయి కాల్చేది .22 లాంగ్ రైఫిల్ తూటా. దాని బుల్లెట్ బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. మ్యాచ్ తూటాల్లో అది మెత్తటి సీసం, పైన మైనం లాంటి జిడ్డు పూత, రాగి తొడుగు ఉండదు. ఒత్తిడికి పై పరిమితే చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. వేగం సెకనుకి 325 మీటర్ల దరిదాపుల్లో, ధ్వని వేగానికి కాస్త తక్కువగా ఉంటుంది. మెత్తటి సీసం, పైగా జిడ్డు పూసింది, గట్టి ఉక్కు మీది గీతల్ని అరగదీయాలంటే ఎన్ని వేలు కాల్చాలో ఆలోచించండి. మధ్యలో బ్రష్ పెట్టి రుద్దినంత మాత్రాన సీసానికి ఆ శక్తి రాదు. తీయడానికి రాగి లేదు, అరగదీసే బలం తూటాకి లేదు. అలాంటప్పుడు ఆ పద్ధతి ఇక్కడ చేసే పనేమిటి?

మీరు చెప్పిన బండి పోలిక చాలామంది మనసులో ఉండేదే. ఇంజిన్‌లో పిస్టన్ రింగులూ సిలిండర్ గోడా ఒకదానికొకటి రాసుకుంటూ లక్షల సార్లు తిరిగి ఒద్దికగా కుదురుకుంటాయి. ఆ రెండూ జీవితాంతం కలిసే ఉంటాయి. బ్యారెల్‌లో మాత్రం ప్రతి తూటా ఒక్కసారే పోతుంది, మళ్లీ రాదు. కాబట్టి ఆ లెక్క ఇక్కడికి తేకండి. ఇంకో సంగతి, మీ రైఫిల్ ఇంతవరకూ కాల్చనిది కూడా కాదు. జర్మనీలో ఏ తుపాకీనైనా అమ్మే ముందు మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న ప్రూఫ్ తూటాలతో పరీక్షించి, ముద్ర వేసి పంపాలని చట్టం ఉంది. బ్యారెల్ మీదో, బాడీ మీదో ఆ చిన్న ముద్రలు కనిపిస్తాయి చూడండి. మ్యాచ్ రైఫిళ్ల పెట్టెలో చాలాసార్లు ఫ్యాక్టరీలో కాల్చిన టార్గెట్ కాగితం కూడా ఉంటుంది. ఉంటే పారేయకండి, దాని అవసరం తర్వాత చెబుతాను.

తూటాల లెక్క కూడా ఒకటుంది, నా దృష్టిలో అదే అసలైనది. మన దేశంలో ఒకేసారి ఎన్ని తూటాలు కొనొచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్స్‌లో రాసి ఉంటుంది. మంచి మ్యాచ్ తూటాలన్నీ విదేశాల నుంచి రావాల్సినవే, దొరికినప్పుడే దొరుకుతాయి. త్రీ పొజిషన్స్ మ్యాచ్ అంటే మోకాలి మీద 20, పడుకుని 20, నిలబడి 20, మొత్తం 60 స్కోరింగ్ షాట్లు. సీనియర్ అబ్బాయి చెప్పిన వంద తూటాలంటే ఒకటిన్నర మ్యాచ్‌కి పైగా. 10 మీటర్ల నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయికి మోకాలి పొజిషన్‌లో ఆ వంద తూటాలు నేర్పే పాఠం ఏ బ్రష్షూ నేర్పలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన షూటర్ సిఫ్త్ కౌర్ సమ్రా 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. అంతటి స్కోరు పొజిషన్ మీద పెట్టిన సమయంతో వస్తుంది.

సరే, మొదటి రోజు ఏం చేయాలి? కొత్త రైఫిల్ గొట్టంలో తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీవాళ్లు నూనె పూసి పంపుతారు. ప్రయాణంలో అది చిక్కబడి ఉండొచ్చు. బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కదిలే భాగం) తీసేసి, చాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూసుకుని మొదలుపెట్టమనండి. బోల్ట్ ఉండే వైపు నుంచి రాడ్ పోనిచ్చి, శుభ్రమైన నూలు ప్యాచ్‌లు (గుడ్డ ముక్కలు) గానీ, .22 కోసమే చేసిన ఫెల్ట్ ముక్కలు గానీ ఒక్కొక్కటిగా ముందుకు నెట్టాలి. మూతి దగ్గర బయటికి వచ్చిన ముక్కను తీసేసి, రాడ్ మాత్రమే వెనక్కి లాగాలి. ముక్కలు పొడిగా, తెల్లగా వచ్చేదాకా ఇలా చేస్తే సరిపోతుంది. తర్వాత లైటు పెట్టి గొట్టంలోంచి చూసి, అడ్డం ఏమీ లేదని నిర్ధారించుకోవాలి. ఇది ఎప్పుడూ మానకూడని అలవాటు. లోపల ప్యాచ్ ముక్క ఇరుక్కున్నా, నీళ్లు నిలిచినా, ఆ స్థితిలో కాలిస్తే బ్యారెల్ ఉబ్బిపోతుంది, పగిలినా పగలొచ్చు. చాంబర్‌లో నూనె మిగలకూడదు. స్టాక్‌ని (భుజానికి ఆనించే భాగాన్ని) బాడీకి పట్టి ఉంచే స్క్రూలు మాన్యువల్‌లో చెప్పినంత బిగువుతో ఉన్నాయో లేదో టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) చూపించండి. కొత్త రైఫిల్ ‘గ్రూప్ రావట్లేదు’ అన్నప్పుడు చాలాసార్లు దొంగ ఆ స్క్రూల దగ్గరే దొరుకుతాడు.

తర్వాత కాల్చుకోవడమే. మొదటి కొన్ని తూటాలు అటూఇటూ పడతాయి, కంగారు పడొద్దు. శుభ్రంగా తుడిచిన .22 గొట్టంలో తూటా మీది మైనం పూత గోడలకు సమంగా పరుచుకునేదాకా అలాగే ఉంటుంది. కొన్ని బ్యారెళ్లకు ఐదారు చాలు, కొన్నిటికి పాతిక దాకా పడుతుంది. సీనియర్ అబ్బాయి పద్ధతి .22కి ఎందుకు సరిపడదో ఇక్కడే తెలుస్తుంది. ప్రతి షాట్ తర్వాత తుడిస్తే, ఆ పూత ఏర్పడే లోపే తీసేస్తున్నాం. వంద తూటాలయ్యాక కూడా బ్యారెల్ ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటుంది.

తూటా కంపెనీ మార్చినప్పుడూ ఇదే జరుగుతుంది. ఎలీ, ల్యాపువా, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్, ఎవరి జిడ్డు పూత వారిది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిన వెంటనే వచ్చిన గ్రూప్‌ని చూసి తీర్పు ఇవ్వకూడదు. కొత్త రకం కొన్ని పోనిచ్చాకే పరీక్ష మొదలుపెట్టాలి. పెట్టె మీద లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు, ఉంటుంది. ఒకే పేరు, ఒకే ధర ఉన్న తూటాలే అయినా, ఒక లాట్ మీ బ్యారెల్‌కి కుదిరినట్టు మరొకటి కుదరకపోవచ్చు. పెద్ద షూటర్లు తూటా కొనడం కంటే లాట్ వెతుక్కోవడానికే ఎక్కువ కష్టపడతారు. బ్రేక్-ఇన్ కోసం పక్కన పెట్టిన తూటాలు మీ ఇంట్లో ఉంటే వాటిని ఈ పనికి వాడించండి. రైఫిల్‌ని రెస్ట్ మీద ఆనించి, ఒక్కో లాట్‌తో పదేసి షాట్ల గ్రూపులు కొన్ని కాల్చాలి. మూడు షాట్ల గ్రూప్ ఒక్కటి చూసి మురిసిపోవద్దు, అది అదృష్టం కావచ్చు. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. రెస్ట్ మీద పది షాట్లూ మళ్లీ మళ్లీ ఆ వలయంలో పడే లాట్ దొరికితే దాన్ని వదలొద్దు. తేదీ, ఎండ, లాట్ నంబర్, ఆ రోజు కాల్చిన తూటాల సంఖ్య ఒక పుస్తకంలో రాసుకోమనండి. లైసెన్స్ తనిఖీలో తూటాల లెక్క అడిగినా ఆ పుస్తకం పనికొస్తుంది.

ఇప్పుడు బ్రష్ విషయం. నన్ను నిజంగా కలవరపెట్టేది మీ అమ్మాయి సీనియర్ సలహాలో ఇదే. .22 బ్యారెల్ కాల్చడం వల్ల అంత త్వరగా చెడదు. సరిగ్గా చూసుకుంటే వేలకు వేలు కాల్చినా నిలుస్తుంది. త్వరగా చెడేది అడ్డదిడ్డంగా క్లీన్ చేయడం వల్ల. చాలా .22 తూటాల అంచులోని ప్రైమర్ మందులో సన్నటి గాజు పొడి కలుపుతారు, పిన్ను దెబ్బకి మందు రగలడానికి. ఆ గరుకు కాల్చాక గొట్టంలోనే ఉంటుంది. దాని మీద బ్రష్‌తో ముందుకూ వెనక్కూ పాతికసార్లు రుద్దితే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? ఇక బోర్ గైడ్ (రాడ్‌ని వంగకుండా సూటిగా నడిపించే గొట్టం) లేకుండా వంచి తోసిన రాడ్ చాంబర్ ముందరి అంచుల్ని గీకుతుంది. మూతి వైపు నుంచి తోస్తే మరీ ప్రమాదం. తూటా గొట్టాన్ని వదిలే ఆఖరి అంచు, క్రౌన్ అంటారు, అది ఒక పక్క ఏమాత్రం దెబ్బతిన్నా తూటా బయటికి వచ్చే క్షణంలో వాయువు ఒక పక్కకే ఎగజిమ్మి దాన్ని దారి తప్పిస్తుంది. అలాంటి రైఫిల్‌ని బాగుచేయడానికి ఆ అంచును మళ్లీ కోయించాల్సి వస్తుంది. మన ఊళ్లలో ఆ పని నమ్మకంగా చేయగలిగినవాళ్లు అంత సులువుగా దొరకరు.

కాబట్టి బోర్ గైడ్, ఒకే ముక్కగా ఉన్న పూత రాడ్, ఫెల్ట్ ముక్కలు, .22కి పనికొచ్చే క్లీనర్ కొనిపెట్టండి. రైఫిల్ ధర ముందు ఇది పెద్ద ఖర్చు కాదు. సాధన అయ్యాక రెండు మూడు ఫెల్ట్ ముక్కలు పోనిస్తే రోజువారీ శుభ్రత అయిపోయినట్టే. చాంబర్ ముందు, తూటా ఇత్తడి తొడుగు ముందు కొస ఆగే చోట, మసి గట్టిపడి ఉంగరంలా పేరుకుంటుంది. ఎక్కడా లేని పొరపాటు షాట్లు ఉన్నట్టుండి మొదలైతే ముందుగా దాన్నే అనుమానించాలి. అప్పుడు మాత్రం క్లీనర్ వేసి కాసేపు నాననిచ్చి, కంచు బ్రష్ కొద్దిసార్లు వాడొచ్చు, అదీ గైడ్‌తో, కోచ్ పక్కనుండగా. ఉక్కు బ్రష్‌ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. తుడిచిన గుడ్డల్లో సీసం ఉంటుంది, వాటిని వంటింటి చెత్తలో కలపొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా మీ అమ్మాయి ఏమీ తినకూడదు.

మన వాతావరణం గురించి కూడా చెప్పాలి. జర్మన్ మాన్యువల్ రాసినవాళ్లకు కృష్ణా తీరం ఉక్కపోత తెలియదు. జూలై నుంచి అక్టోబరు దాకా గుంటూరు, విజయవాడల్లో గాలి నిండా తేమే. ఏసీ కారులోంచి చల్లగా ఉన్న రైఫిల్‌ని వాన వెలిసిన మైదానంలోకి దించితే లోహం మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు లేస్తాయి, గొట్టం లోపల కూడా. పెట్టె మూత తీయకుండా కాసేపు బయటి వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు తీయాలి. ఇంటికొచ్చాక స్పాంజి పెట్టెలోనే వదిలేయకూడదు, స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది. పొడిగా తుడిచి, బయటి లోహానికి పల్చగా తుపాకీ నూనె రాసి, తాళం వేసిన బీరువాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. బోల్ట్ విడిగా, వేరే తాళంలో ఉంటే మరీ మంచిది. వారం పైగా కాల్చేది లేకపోతే గొట్టంలోనూ ఒక నూనె ప్యాచ్ పోనివ్వాలి, మళ్లీ కాల్చే ముందు పొడి ప్యాచ్‌తో తీసేయాలి. రోహిణి కార్తె ఎండల్లో తూటాలను కారు డిక్కీలో వదలకండి. 45 డిగ్రీల దాకా పోయే రోజున మూసిన కారులో ఆ వేడికి మైనం పూత మెత్తబడుతుంది, లోపలి మందు మండే తీరూ మారుతుంది. నీడలో, మీ మంచినీళ్ల సీసా పెట్టుకునే సంచిలో ఉంచితే చాలు. నిజం చెప్పాలంటే, మన దగ్గర కొత్త బ్యారెల్‌కి రీమర్ గీతల కంటే శ్రావణ మాసమే పెద్ద శత్రువు.

కొబ్బరి నూనె వద్దు. అది గాలి తగిలి మెల్లగా చెడిపోతుంది. చలికాలం తెల్లవారుజామున గడ్డకడుతుంది కూడా. ట్రిగ్గర్ దగ్గరికి జారితే ఇంకా ఇబ్బంది. ఆ సున్నితమైన ట్రిగ్గర్ సర్దుబాటు మీదే మీ అమ్మాయి స్కోరు ఆధారపడి ఉంది. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టు మిషన్ నూనె బయటి లోహానికి తాత్కాలికంగా పనికొస్తుంది. గొట్టం లోపలికి మాత్రం దాని కోసం చేసినవే వాడాలి. బావమరిది గారికి సాయం చేయాలని ఉంటే, ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో చేసే డ్రై ప్రాక్టీస్‌లో పక్కన కూర్చుని కదలిక గమనించమనండి, ఆయన కన్ను దానికి బాగా పనికొస్తుంది. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఖాళీ చాంబర్ మీద పిన్ను కొట్టడం కొన్ని .22 రైఫిళ్లకు అంచు దెబ్బతినేలా చేస్తుంది. మీ మోడల్‌కి డ్రై ఫైర్ ఏర్పాటు ఉందో, డమ్మీ తూటా కావాలో మాన్యువల్ చూసి మొదలుపెట్టాలి.

ఇది చదివే వారిలో .315 గానీ, .30-06 గానీ ఉన్నవాళ్లకు ఒక మాట. మీ తూటాలకు రాగి తొడుగు ఉంటుంది కాబట్టి మీకు బ్రేక్-ఇన్ పూర్తిగా అర్థం లేనిది కాదు, అలాగని పండగ చేయాల్సినదీ కాదు. మొదటి ఐదు తూటాలకు ఒక్కో తూటా తర్వాత రాగి తీసే క్లీనర్‌తో తుడవండి. ప్యాచ్ మీద వచ్చే నీలి రంగే రాగి గుర్తు. ఆ తర్వాత మూడేసి చొప్పున ఒకట్రెండుసార్లు చేసి చూడండి. నీలం తగ్గుతూ వస్తే ఆపేయండి, మొదటి నుంచే తక్కువగా ఉంటే అసలు కొనసాగించనక్కర్లేదు. ఒక మెలిక ఉంది. రాడ్ చివర బిగించే ముక్క ఇత్తడిదైతే క్లీనర్ దాన్నే కరిగించి ప్యాచ్‌ని నీలం చేస్తుంది. రాగి పోలేదనుకుని గంటల తరబడి రుద్దినవాళ్లు చాలామంది ఉన్నారు. నికెల్ పూతది గానీ, ప్లాస్టిక్‌ది గానీ వాడితే ఈ తికమక ఉండదు. పాత సైనిక రకం తూటాలు కాలిస్తే మాత్రం వాటి ప్రైమర్‌లో ఉప్పులాంటి అవశేషం మిగలొచ్చు, అది తేమ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనెకూ కిరోసిన్‌కూ అది కరగదు. వేడి నీళ్లు పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి.

చివరగా మీ అమ్మాయికి. రెండు మూడు వందల తూటాలయ్యాక, రెండు మూడు రకాల లాట్లు చూశాక, స్క్రూలూ, గురి చూసే సైట్లూ బిగువుగా ఉన్నాయని తేలాక కూడా రెస్ట్ మీద గ్రూప్ పెద్దగానే వస్తుంటే అది బ్రేక్-ఇన్ లోపం అనుకుని మళ్లీ బ్రష్ పట్టుకోవద్దు. అదే లాట్, అదే రెస్ట్‌తో కోచ్ గారినో, మరో అనుభవమున్న షూటర్‌నో వారి లైసెన్స్, రేంజ్ నియమాలు ఒప్పుకునేంత వరకు ఒకసారి కాల్చి చూడమనాలి. ఆ తర్వాత ఇందాక దాచమన్న ఫ్యాక్టరీ టార్గెట్ కాగితం, మీ పుస్తకంలోని గ్రూపులు, లాట్ నంబర్లు, రైఫిల్ సీరియల్ నంబర్ కలిపి ఎవరి ద్వారా దిగుమతి అయిందో వాళ్లకు రాతపూర్వకంగా పంపండి. వారంటీ గడువు ఎప్పటికి పోతుందో ఇప్పుడే బిల్లు మీద చూసి, ఆ తేదీని పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోమనండి.